పచ్చి పలకకు ప్రమాణపత్రం

జిగురు చీటీ ఇంకా పలకకు తగల్లేదు. వెంట్రుకవాసి దూరంలో ఉంది. అప్పుడే పలకలమ్మ పరుగున వెళ్ళి ఆ చేతిని మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది, పొయ్యి మీదికి చెయ్యి చాచిన పసిపిల్లను పట్టుకున్నట్టు.

“అమ్మా తల్లీ, ఆగండి! అది అంటించారంటే రేపు ఊడి వచ్చేది జిగురు కాదు, దాని చర్మం!”

చెయ్యి దొరికిపోయిన ఆవిడ అరవలేదు, ఉలిక్కిపడలేదు. కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసి, “మరి ఈ రికార్డుకి నంబరు ఎక్కడ అంటించాలి?” అని అడిగింది, కూరలో ఉప్పెంత అని అడిగినంత మామూలుగా.

ఆవిడే ప్రమాణాలావిడ, రికార్డులు తనిఖీ చేసే శాఖ నుంచి వచ్చింది. చంకలో ఒక లావుపాటి నిబంధనల పుస్తకం, మెడలో టేపు, చేతిలో చీటీల చుట్ట. పొద్దున్నే మ్యూజియం గేటు దగ్గర దిగీ దిగగానే కాపలావాళ్ళు ఆ పేరు పెట్టేశారు. పలకలమ్మకూ పేరు పెట్టింది వాళ్ళే. పెట్టిన పేరులో తప్పేముంది? పగలంతా ఆవిడ ఉండేది పలకల గదిలోనే. పొడవైన గది, తూర్పువైపు పెద్ద కిటికీలు, గోడ వెంట చెక్క సొరుగులు, సొరుగుల్లో దూది పరుపుల మీద వేల ఏళ్ళనాటి మట్టి పలకలు. అరచేతిలో ఇమిడేవి కొన్ని, సబ్బుబిళ్ళంతవి కొన్ని. వాటి నిండా తడిమట్టి మీద పిచ్చుకలు నడిచి వెళ్ళినట్టు రాతలు. పలకలమ్మ ఆ రాతలు చదువుతుంది. చదవడమే కాదు, మెత్తటి కుంచెతో ఉప్పు దులుపుతుంది, బీట పడితే అతుకుతుంది, మూలుగు వినబడ్డట్టు పని సగంలో ఆపి సొరుగు తెరిచి చూస్తుంది.

“నంబరు సొరుగు మీద ఉంది మేడమ్.”

“సొరుగు రికార్డు కాదు కదా. రికార్డు మీద ఉండాలి.”

పలకలమ్మకు ఒళ్ళు మండింది. కానీ మంటను నోటిదాకా రానివ్వలేదు. కారణం గోడ మీద ఉంది. పోయిన వారం మ్యూజియం పెద్దసారు తన చేత్తో సంతకం చేసి అంటించిన ఉత్తర్వు అది. ‘ఈ భవనంలోని ప్రతి రికార్డూ, అది ఏ పదార్థంతో చేసినదైనా, ఎంత పాతదైనా, నవీన ప్రమాణాలకు లోబడాలి. లోబడనివి నేలమాళిగకు తరలించాలి.’ ఎంత పాతదైనా అన్న మాట కింద ఒక గీత కూడా గీశారు. ఆ గీత ఎవరికోసమో అందరికీ తెలుసు. పలకల గది కిటికీల్లోంచి తోట కనిపిస్తుంది. అక్కడ బల్లలు వేసి, సందర్శకులకు టీ కాఫీలు ఇచ్చే గది చెయ్యాలని పెద్దసారు ముచ్చట.

నేలమాళిగ సంగతి మాత్రం ఆయనకు పట్టలేదు. వాన పడితే దాని గోడలు ఏడుస్తాయి. పలకల్లో కాలినవి కొన్నే. మిగతావన్నీ పచ్చివి, ఎండలో ఆరినవి అంతే. ఇప్పుడు కాల్చబోతే, ఇన్నేళ్ళుగా లోపల పేరుకున్న ఉప్పుకి పగిలిపోయేవి. వాటికి తడి తగిలిందా, వేల ఏళ్ళ మాట వేలి సందుల్లోంచి జారిపోయే అడుసు అవుతుంది. పలకలమ్మ ఆ మాటే చెప్పబోతే పెద్దసారు నవ్వేశారు.

“నేలమాళిగకి సున్నం వేయించానమ్మా. అయినా మట్టిలోంచి వచ్చినవేగా, మట్టిలో పెడితే వాటికి పుట్టిల్లే!”

పుట్టింటికి పంపుతున్నానంటూ పాతిపెట్టే మనిషిని ఏమనాలి?

*

ప్రమాణాలావిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పుస్తకం తెరిచింది. ఒక్కో నిబంధనా చదువుతుంది, జవాబు కోసం ఆగుతుంది, రాసుకుంటుంది. నవ్వదు. ఆ ముఖం చూస్తే నవ్వు కూడా ముందుగా అనుమతి తీసుకునే రావాలనిపిస్తుంది.

“ఈ రికార్డు మీద సంతకం ఉందా?”

పలకలమ్మ పలకను దూది మెత్త మీద పెట్టి, దీపాన్ని పక్కకు వంచింది. నీడ పడగానే మట్టి మీద ఒక గడ్డపాయన, ఆయన వెనక రెండు మేకలు లేచి నిలబడ్డారు. “ఇదిగోండి. రాయించుకున్నవాడు బొమ్మలు చెక్కిన రాతి ముద్రను తడిమట్టి మీద దొర్లించాడు. సంతకం అదే. ఈ పక్కనున్నవి సాక్షుల ముద్రలు.”

“సాక్షులు కూడానా?” కలం ఒక్క క్షణం ఆగింది. “మా ఆఫీసులో సెలవు చీటీ మీద ఒక్క సంతకం పెట్టించడానికి నా చెప్పులు అరిగిపోతాయి.” అంటూనే రాసుకుంది: ఉంది.

“నకలు?”

ఈసారి పలకలమ్మ ఇంకో సొరుగు లాగింది. అందులో ఒక పలకకు చుట్టూ మట్టితోనే చేసిన తొడుగు ఉంది, పప్పుగింజకు తొక్కలాగా. ఒక మూల పెచ్చు ఊడి, లోపలి పలక తొంగిచూస్తోంది. “లోపల రాసిందే పైన తొడుగు మీదా రాసేవాళ్ళు. పైన రాత ఎవడైనా దిద్దాడని గొడవొస్తే, తొడుగు పగలగొట్టి లోపలిది చూస్తారు.”

“దిద్దుబాట్ల నుంచి రక్షణ,” అని గొణుక్కుంటూ ప్రమాణాలావిడ రెండు గళ్ళలో ఒకేసారి టిక్కు పెట్టింది.

“కరెంటు పోతే రికార్డు అందుబాటులో ఉంటుందా?”

“కిటికీ తెరిస్తే చాలు.”

“అగ్ని ప్రమాదం?”

“మేడమ్, తగలబడిపోయిన కోటల్లో దొరికినవే ఇవాళ కాలి గుండ్రాళ్ళలా గట్టిగా ఉన్నాయి. మంటలొస్తే ముందు మనల్ని బయటికి లాక్కెళ్ళమనండి. వీటి సంగతి మంటే చూసుకుంటుంది.” పలకలమ్మ వెటకారంగానే అంది. ఆవిడ మాత్రం శ్రద్ధగా రాసింది. అగ్ని: ప్రయోజనకరం.

“దారం కట్టడానికి అంచున రంధ్రం వేసే చోటు?”

“వీటికి రంధ్రం వేసినవాళ్ళకి నేను రంధ్రం వేస్తాను.”

“వర్తించదు,” అని రాసుకుంది ప్రమాణాలావిడ. “చదవడానికి వీలుగా ఉందా?”

“నేను చదువుతాను.”

“ఒక్కరు చదవగలిగినా చాలని నిబంధన. మా పై అధికారి చేతిరాత ఆయనా చదవలేడు.”

గుమ్మం దగ్గర కాపలావాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పలకలమ్మకూ, నిజం చెప్పాలంటే, కోపంలో ఎక్కడో చక్కిలిగింత మొదలైంది. సాయంత్రానికి పుస్తకంలో గళ్ళ నిండా టిక్కులే. ఈ పిచ్చి పరీక్ష నెగ్గేస్తామేమో అన్న ఆశ కూడా చిగురేసింది.

అంతలో ఆ గడి రానే వచ్చింది.

“భద్రపరచవలసిన కాలం?”

“అంటే?”

“ప్రతి రికార్డుకీ గడువుంటుందమ్మా. ఎక్కువలో ఎక్కువ ముప్పై ఏళ్ళు. ఆ తర్వాత తీసేయొచ్చు.”

“శాశ్వతం అని రాయండి.”

“దానికి తయారుచేసినవాళ్ళ మాట కావాలి. దీన్ని ఎప్పటికీ ఉంచండి అని వాళ్ళు చెప్పి ఉండాలి.” ప్రమాణాలావిడ కలం మూత పెట్టింది. “ఆ మాట చూపించలేకపోతే గడువు దాటిందనే రాయాలి. నేను అబద్ధం రాయలేను. రాయమని అడక్కండి.”

గడువు ఎప్పుడు దాటింది? ఈ ఊరు ఊరు కాకముందే దాటింది. పలకలమ్మ సొరుగులన్నీ ఒక్కొక్కటే మూసింది. రోజూ తోసే చెయ్యే, ఆ సాయంత్రం మాత్రం చంటిబిడ్డ ఉయ్యాల ఆపుతున్నట్టు తోసింది.

*

“అయితే ఇంక ఆ మట్టి పని వదిలేసి ఇంటిపట్టున ఉంటావా ఏంటి?” అంది అత్తగారు.

వంటింట్లో పలకలమ్మ పిండి పిసుకుతోంది. పిసకడం కాదు, కుమ్ముతోంది. అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ కోడలి చేతులకేసే చూస్తోంది.

“ఆ ప్రమాణాలావిడ్ని అనుకుని నా పిండిని చంపకు కోడలా. అదేం పాపం చేసింది?”

“చెప్పుకుంటే తీరేది కాదత్తయ్యా. రాసినవాళ్ళొచ్చి, ఇది దాచండి, ఇది పారేయండి అని చెప్పాలంట. వాళ్ళెక్కణ్ణించి వస్తారు?”

“రాకపోతే మానె. వాళ్ళు పారేసేవి ఎలా పారేసేవాళ్ళో అది చూడు.” అత్తగారు ఒక పురుగు చిక్కుడు తీసి పక్కన పడేసింది. “నా బుట్ట చూడు. ఏవి పనికొస్తాయో నేను నోరు విప్పి చెప్పానా? పనికిరానివి ఇటు పడేశాను. మిగతావి ఉంచుకున్నవే అని గుడ్డివాడైనా చెప్తాడు.”

పలకలమ్మ చేతులు పిండిలో ఆగిపోయాయి. పిండిని మడిచి, బొటనవేళ్ళతో లోపలికి నొక్కి, మళ్ళీ మడిచింది. నొక్కిన చోట వేలిముద్రలు పడ్డాయి. ఇంకోసారి మడవగానే అవి సగం చెరిగాయి.

“అత్తయ్యా!”

“ఏంటా కేక? చిక్కుళ్ళు ఒలికిపోతాయి!”

“అడుగు సొరుగు! అడుగు సొరుగులో ముద్ద!”

“మీ ఆయన్ని చేసుకునేటప్పుడు కూడా ఇంత సంబరపడలేదు తల్లీ నువ్వు,” అంది అత్తగారు, చిక్కుళ్ళు ఏరుకుంటూ.

*

ఆ ముద్దను ఎవరూ ఎప్పుడూ అద్దాల బీరువాలో పెట్టలేదు. పెట్టేంత అందం దానికి లేదు. రెండు మూడు పలకల్ని నీళ్ళలో నానబెట్టి, ఒకదాని మీద ఒకటి మడిచి పిసుకుతూ ఉండగా ఎవరో మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టుంటుంది. ఒక పక్క పిచ్చుక అడుగుల రాత, ఇంకో పక్క ఆ రాత మీద బొటనవేలి గుంట. పాతకాలపు బడి ఒకటి తవ్వినప్పుడు, తొట్టి అడుగున దొరికింది.

పలకలమ్మ దాన్ని దూది మెత్తతో సహా తెచ్చి ప్రమాణాలావిడ ముందు పెట్టింది.

“పనైపోయిన పలకల్ని వాళ్ళేం చేసేవాళ్ళో చూడండి. తొట్టిలో నీళ్ళుపోసి నానబెట్టేవాళ్ళు. పిసికి మళ్ళీ కొత్త పలక చేసుకునేవాళ్ళు. వద్దనుకున్నది నీళ్ళలోకి వెళ్ళింది. ఈ సొరుగుల్లో ఉన్నవి నీళ్ళలోకి వెళ్ళనివి మేడమ్. అవసరం లేదని వాళ్ళెవరూ అనలేదు.”

ప్రమాణాలావిడ కళ్ళజోడు తీసింది. ముద్ద మీదికి వంగి, ఆ వేలి గుంటను చాలాసేపు చూసింది. తన బొటనవేలిని తాకీ తాకనట్టు దాని పైన ఉంచి కొలుచుకుంది. సరిగ్గా సరిపోయింది.

“ఇది మా శాఖ మనిషే,” అంది మెల్లగా.

“ఎవరు?”

“ఈ పిసికినాయన. గడువు తీరినవాటిని పద్ధతిగా తీసేస్తున్నాడు. నేను పొద్దుటినుంచి సాయంత్రందాకా చేసే పని ఇదే. చేస్తుంటే అందరూ నవ్వుతారు.” అంతే అంది. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, పుస్తకం వెనక పేజీలు తిప్పింది. “అనుమతి పొందిన నాశన విధానం... ఇదిగో. రికార్డు ఏ ఆఫీసులో పుట్టిందో ఆ ఆఫీసు ఎలా నాశనం చేసేదో, అదే దానికి నాశన విధానం. అంటే వీటి విషయంలో, నీళ్ళు.” తలెత్తింది. “నేలమాళిగలో నీళ్ళున్నాయా?”

“సారు లేవంటారు. సున్నం వేయించారట.”

“ఆయనా అనొద్దు, మీరూ అనొద్దు. కొత్త చోటికి మార్చేముందు అక్కడ ఒక నమూనా పెట్టి చూడాలని నిబంధన. నాకు ఒక నమూనా కావాలి. పాతది కాదు,” అని ఆ చివరి మాట గబగబా కలిపింది, పలకలమ్మ ముఖం చూసి.

బడిపిల్లలు వచ్చినప్పుడు చేసి చూపించడానికి అలమారలో మెత్తటి మట్టి, చేసినవి కాల్చడానికి గది మూల ఒక చిన్న బట్టీ ఉంటాయి. పలకలమ్మ ఒక ముద్ద తీసి, గాలిబుడగలు పోయేదాకా బల్లకేసి కొట్టింది. అరచేతుల మధ్య తట్టి, అంచులు బొటనవేలితో నునుపు చేసి, కోసిన రెల్లు పుల్లతో మొదలుపెట్టింది. గీయడం ఉండదు ఆ రాతలో. పుల్ల కొసను నొక్కడం, ఎత్తడం, తిప్పడం. అంతే.

“ఏం రాస్తున్నారు?”

“మీ పుస్తకంలో మొదటి నిబంధన. ప్రతి రికార్డునూ జాగ్రత్తగా కాపాడవలెను.”

“ఆ భాషలో రికార్డుకి మాట ఉందా?”

“మీకంటే ముందునుంచే ఉంది.”

ప్రమాణాలావిడ నవ్వింది. ఆ నవ్వు రావడానికి ఏ అనుమతీ తీసుకున్నట్టు లేదు.

పలక కిటికీలో ఆరుతున్న రెండు రోజులూ ఆవిడ ఖాళీగా కూర్చోలేదు. టేపు మెడలో వేసుకుని భవనమంతా తిరిగింది. పెద్దసారు గది ముందున్న హాల్లో ఇనుప బీరువాలున్నాయి. వాటిని తెరిపించి, ఒక్కో కట్టా విప్పి, తుమ్ముకుంటూ చూసింది. “అక్కడ ఎందుకండీ?” అని గుమాస్తా అడిగితే, “ప్రతి రికార్డూ అని రాశారు కదా,” అంది. ఆ మాట గుమాస్తా పెద్దసారుకి చెప్పాడు. ఆయన మురిసిపోయారు. ఇంత పట్టుదల మనిషి చేతిలో పలకలు బతకవని ఆయన ధీమా.

ఆరిన పలకకు ప్రమాణాలావిడ తన చేత్తో చీటీ అంటించింది. ఈసారి పలకలమ్మ చెయ్యి పట్టుకోలేదు. ముగ్గురూ నేలమాళిగలోకి దిగారు. గోడలు తెల్లగా పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. పెద్దసారు స్వయంగా ఒక అర చూపించారు. “ఇక్కడ పెట్టండి. పలకలన్నీ వచ్చేది ఇక్కడికే. దివ్యమైన చోటు!”

ప్రమాణాలావిడ పలక పెట్టి, తలుపుకి తాళం వేసి, తాళానికి ముద్ర వేసింది. తాళంచెవి పలకలమ్మకు ఇవ్వలేదు, పెద్దసారుకీ ఇవ్వలేదు. తన సంచిలో వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆఫీసు వదిలే వేళకు వాన మొదలైంది. మామూలుగా వానంటే గొడుగు వెతుక్కునే పలకలమ్మ, మెట్ల మీద నిలబడి అరచెయ్యి చాచి చినుకులు పట్టుకుంది. పట్టుకుంటూనే మనసు పీకింది. ఆ పలక కొత్తదే, తన చేతిదే, అయినా పలకే కదా.

*

ఆ మర్నాడు మ్యూజియం పాలకమండలి అధ్యక్షురాలు నివేదిక వినడానికి వచ్చింది. గట్టి మనిషి, చేతికర్ర ఉన్నా దాన్ని నడవడానికి కాక చూపించడానికే వాడుతుంది. “కూర్చుని వినేదేముంది, పదండి చూద్దాం,” అని ఆవిడే ముందు మెట్లు దిగింది.

ప్రమాణాలావిడ ముద్ర చూపించి, చెక్కుచెదరలేదని అందరి చేతా ఒప్పించి, తాళం తీసింది. దీపం వెలిగించింది.

కొత్త సున్నం మీద గోధుమరంగు చారలు. వాననీరు గోడ వెంట మెల్లగా జారి, సరిగ్గా ఆ దివ్యమైన అర మీదికి దారి చేసుకుంది. అర మీద పలక లేదు. పెరుగన్నంలా కూలబడిన ఒక అడుసు కుప్ప ఉంది. దాని మీద మెలితిరిగిన జిగురు చీటీ. చీటీ మీద నంబరు మాత్రం తళతళలాడుతోంది.

అధ్యక్షురాలు కర్ర కొసతో చూపించింది. “ఏంటిది?”

“ప్రతి రికార్డునూ జాగ్రత్తగా కాపాడవలెను,” అంది పలకలమ్మ. “నిన్నటిదాకా.”

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. “ఒక్క వానకే... పైన తారు వేయిస్తే...”

“నివేదిక చదవనా?” అంది ప్రమాణాలావిడ. గొంతులో పొగరు లేదు, జాలీ లేదు. “పలకల గదిలోని రికార్డులకు సంతకం ఉంది, సాక్షులున్నారు, నకలుంది, దిద్దుబాటు నుంచి రక్షణ ఉంది. ప్రమాణాలకు లోబడి ఉన్నాయి. గడువు గడిలో ఏమీ రాయలేదు. రాయడానికి అవి పుట్టిన ఆఫీసు వాటిని ఇంకా తొట్టిలో వేయలేదు. వాటిని ఇక్కడికి తేవడం తరలింపు కిందికి రాదు. నీళ్ళలో వేయడం అవుతుంది కాబట్టి నాశనం కిందికి వస్తుంది. నాశనం చేయాలంటే ఒక్కొక్క రికార్డుకీ విడివిడిగా, కారణం రాసి, పెద్దసారు తన చేత్తో సంతకం పెట్టాలి.” పుస్తకంలోంచి ఒక కాగితం తీసి ఆయన వైపు చాపింది. “మొదటిదానికి తెచ్చాను సార్. కలం ఉందా?”

గోడ మీంచి ఒక చుక్క అరమీద పడింది. టప్.

పెద్దసారు కలం తీశారు. తీసి కాగితం మీద పేరు చూశారు. ‘రికార్డు: తొడుగులో ఉన్న పలక. నాశనానికి కారణం:’ ఆ పక్కన ఖాళీ. ఆ ఖాళీలో టీ గది అని రాయాలి. ఆయన ఆ కుప్పకేసి ఒకసారి, అధ్యక్షురాలి కర్రకేసి ఒకసారి చూసి, కలం జేబులో పెట్టేసుకున్నారు.

“నేను... ఇంతదూరం ఆలోచించలేదమ్మా,” అన్నారు, పలకలమ్మతో. ఆ మాటలో నిజం ఉంది. పలకలమ్మ తల ఊపింది.

“ఇంకో సంగతి,” అంది ప్రమాణాలావిడ. “ప్రమాణాలకి లోబడని రికార్డులూ దొరికాయి. సారు గది ముందు హాల్లో.” సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. “ఫాక్సులు. ఏముందో చదవగలరా?”

ఆయన దీపం దగ్గరికి తెచ్చారు. తిప్పారు. వెనక్కి తిప్పారు. మెరిసే కాగితం, అద్దంలా తెల్లగా ఉంది. అక్షరాలు ఎప్పుడో ఆవిరైపోయాయి.

“ఇందులో చాలా ముఖ్యమైనది ఉండేది,” అన్నారు నీరసంగా.

“ఉండే ఉంటుంది. బీరువాల నిండా ఇవే. సంతకం లేదు, నకలు లేదు, చదివే మనిషి లేడు. తీసేయొచ్చు. హాలు ఖాళీ అవుతుంది. దానికీ తోటవైపు కిటికీలున్నాయి, బీరువాలు అడ్డంగా ఉండి ఎవరికీ కనబడలేదు.”

మొదట నవ్వింది అధ్యక్షురాలు. కర్ర నేలకేసి కొట్టి మరీ నవ్వింది. “బాగుందయ్యా! టీ నీ గుమ్మంలోకే వస్తుంటే వద్దంటావేం? నీకు పంచదార ఎంతో మాత్రం ఇప్పుడే చెప్పు!”

పెద్దసారు ముందు ఎర్రబడ్డారు, తర్వాత ఆయనకీ నవ్వొచ్చింది. “రెండు చెంచాలు,” అన్నారు.

మెట్లెక్కేటప్పుడు పలకలమ్మ వెనకబడింది. అర మీది అడుసును అరచేతిలోకి ఎత్తుకుంది, ఒక్క మెతుకు వదలకుండా. చీటీ ఏరి పారేసింది. మట్టి వృథా కాదు కదా.

*

సాయంత్రం ప్రమాణాలావిడ ప్రయాణానికి సంచి సర్దుకుని పలకల గదికి వచ్చింది. బల్ల మీద ప్రమాణపత్రం పెట్టింది. గోడకి తగిలించుకోవడానికి, ముద్ర వేసిన కాగితం.

పలకలమ్మ దాన్ని వెలుగుకెత్తి చూసింది. “అందంగా ఉంది. కానీ మేడమ్, కాగితం ఎన్నాళ్ళుంటుంది?”

“మేడమ్ ఏంటక్కా ఇంకా?” అంది ఆవిడ, కుర్చీ లాక్కుంటూ. “రాయి మరి. బస్సుకి టైముంది.”

నేలమాళిగ అడుసు ఆ సరికి పిసకడానికి వీలుగా బిగిసింది. పలకలమ్మ దాన్ని తట్టి పలక చేసి, ప్రమాణపత్రంలో మాటలన్నీ పుల్లతో నొక్కింది. గది పేరు, సొరుగుల సంగతి, నకలు ఉన్న సంగతి, నిప్పు ప్రయోజనకరమైన సంగతి. ప్రమాణాలావిడ తన రబ్బరు ముద్ర తీసి, సిరా తుడిచి, మట్టి అంచున గట్టిగా ఒత్తింది. గుండ్రంగా దిగింది, గడ్డపాయన మేకల పక్కన నిలబెట్టినా సిగ్గుపడనంత నిండుగా.

“సాక్షులు?” అంది.

గుమ్మంలో నిలబడ్డ కాపలావాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి ముద్రలకు బదులు మట్టి మీద చొక్కా గుండీలు ఒత్తి వెళ్ళారు.

“ఇంకొక్క గడి మిగిలింది,” ప్రమాణాలావిడ నిబంధనల పుస్తకం తెరిచింది. కలం మూత తీసి పట్టుకుంది. “భద్రపరచవలసిన కాలం. తయారుచేసినవాళ్ళ మాట కావాలి. ఈసారి తయారుచేసినావిడ నా ఎదురుగానే ఉంది. చెప్పక్కా, ఎన్నాళ్ళు?”

పలకలమ్మ పలకను రెండు చేతులా ఎత్తి, ఆరడానికి కిటికీలో పొద్దుటి ఎండ పడే చోట పెట్టింది. తర్వాత గది మూలకి వెళ్ళి, చిన్న బట్టీ తలుపు తెరిచి, లోపలి బూడిద ఊడవడం మొదలుపెట్టింది.

ప్రమాణాలావిడ ఆ గడిలో, మొదటిరోజు పలకలమ్మ రాయమంటే రాయలేనన్న ఆ ఒకే ఒక్క మాట రాసి, పుస్తకం మూసింది.